స్నేహం మీది, సుంకం మాది: ఢిల్లీ పెద్దలకు గుంటూరు నుంచి బహిరంగ లేఖ

గుంటూరు,
2025 నవంబరు నెలాఖరు.

కేంద్ర వాణిజ్య, విదేశాంగ, వ్యవసాయ, జౌళి శాఖల మంత్రులకు, కార్యదర్శులకు, మన జిల్లాల నుంచి పార్లమెంటుకు వెళ్లిన సభ్యులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఎనిమిదేళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. ప్రత్తిపాడు వైపు మాకు ఆరెకరాల పొలం ఉంది. నాలుగెకరాలు పత్తి, రెండెకరాలు మిర్చి వేస్తాం. మా బావమరిది రేపల్లె దగ్గర చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతాడు. మా అక్క కొడుకు విజయవాడలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లాడు. ఇంటి సంగతులన్నీ మీకెందుకంటారా? ఈ ఏడాది మీరు ఏ దేశంతో ఏం మాట్లాడినా, అసలు మాట్లాడకపోయినా, దెబ్బ మా ఇంట్లో ఎవరో ఒకరికి తగిలింది.

ఇందులో కొన్ని సంగతులు సెప్టెంబరులో ఢిల్లీలో ఒక కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. ముట్టినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. అక్టోబరులో ఆన్‌లైన్‌లో పెట్టాను. ఒక నంబరు ఇచ్చారు. పదహారో రోజున ఫోనుకు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. మా గుమస్తా చదివి చెప్పాడు: మీ వినతిని సంబంధిత విభాగానికి పంపాము, పరిష్కారమైనట్టుగా ముగించాము. ఏ విభాగమో లేదు. ఏం పరిష్కరించారో అసలే లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎవరితో స్నేహం చేయాలో, ఎవరి దగ్గర చమురు కొనాలో మీకు చెప్పే చదువు నాకు లేదు. రష్యా చమురు మానమని అనను, అమెరికాకు తలొగ్గమని అసలు అనను. అమ్మకం పట్టీలు రాసుకుని బతికేవాణ్ణి, లెక్క మాత్రం చూడగలను. మీ స్నేహాల చిట్టాలో జమ ఒకరి పేరున, ఖర్చు మా పేరున పడుతోంది. గొడవంతా అక్కడే.

1. పత్తి

ఆగస్టు 7న ఢిల్లీలో వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ గారి శతజయంతి సదస్సులో ప్రధానమంత్రి మాట్లాడారు. రైతుల, మత్స్యకారుల, పాడి రైతుల విషయంలో రాజీ పడేది లేదన్నారు. అందుకు తాను వ్యక్తిగతంగా పెద్ద మూల్యం చెల్లించాల్సి వచ్చినా సిద్ధమేనన్నారు. మా షాపులో టీవీ ముందు కూర్చున్న రైతులు ఆ మాటకు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పదకొండు రోజులు తిరిగాయి. ఆగస్టు 18న పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు. ఆ గడువు పూర్తి కాకముందే, ఆగస్టు 28న, డిసెంబరు 31 వరకు పొడిగించారు.

మా పత్తి చేతికొచ్చేది ఎప్పుడో వ్యవసాయ శాఖ వారికి నేను చెప్పక్కర్లేదు. జూన్, జూలైలో విత్తనం పెడతాం. అక్టోబరులో తీత మొదలవుతుంది. విత్తనం పెట్టేటప్పుడు విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం ఉంది. ఆ లెక్క మీదే మా ఊళ్లో చాలామంది మిర్చి తగ్గించి పత్తికి పోయారు. తీతకు వచ్చేసరికి ఆ సుంకం లేదు. ఆట సగంలో ఉండగా గీత జరిపితే పిల్లలు కూడా ఒప్పుకోరు.

ఎందుకు ఎత్తేశారో నాకు తెలుసు. అమెరికా 50 శాతం సుంకం వేసింది. తిరుప్పూరులో బనియన్లు, చొక్కాలు కుట్టి అక్కడికి పంపేవాళ్లకు ఊపిరాడలేదు. నూలు చవగ్గా దొరికితే నిలబడతామన్నారు. తప్పేం లేదు. చిలకలూరిపేటలో, గణపవరంలో స్పిన్నింగ్ మిల్లులున్నాయి, వాటిలో పనిచేసేదీ మా పిల్లలే. మిల్లులు మూతపడాలని ఏ పత్తి రైతూ కోరుకోడు. మిల్లుకు ఊరట ఇవ్వండి. కానీ అది ఖజానాలోంచి ఇవ్వాలి, ప్రత్తిపాడు రైతు జేబులోంచి తీసి ఇస్తే ఎలా? పైగా సుంకం వేసింది అమెరికా, ఆ సుంకానికి విరుగుడుగా మనం తెరిచిన తలుపులోంచి అమెరికా పత్తి కూడా సుంకం లేకుండా లోపలికొస్తోంది. కొట్టినవాడికే కుర్చీ వేసినట్టుంది.

దీనికి ముందే ఇంకో తలుపు ఉంది. ఆస్ట్రేలియాతో 2022లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా 51 వేల టన్నుల పత్తి సుంకం లేకుండా రావచ్చు. దానికి పరిమితైనా ఉంది. ఆగస్టు ఉత్తర్వుకు అదీ లేదు.

మద్దతు ధర ఉంది కదా అంటారు. ఉంది. పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. కాగితం మీద మంచి ధరే. అయితే ఆ ధరకు అమ్మాలంటే ముందు యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను వచ్చింది. చేలో విచ్చుకున్న పత్తి నాని వేలాడింది. ఎండబెట్టడానికి ఎండ లేదు. మా పక్క చేను కౌలుకు చేసే ఆవిడ పేరున పాస్‌పుస్తకం లేదు, కౌలు కార్డు లేదు, యాప్‌కు ఆవిడ రైతే కాదు. చివరికి ఊళ్లోకి వచ్చిన బేరగాడికి ఆరు వేలకు ఇచ్చేసింది. తీత కూలి, మందుల బాకీ పోగా ఏం మిగిలిందని నేను అడగలేదు. అడిగితే ఏడుస్తుందని భయం.

2. రొయ్య, దానితోపాటు చమురు

అమెరికా సుంకం రెండు విడతల్లో పడింది. ఆగస్టు 7 నుంచి 25 శాతం. రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం. రొయ్యకు వీటితోపాటు, మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ వేసిన పాత యాంటీ డంపింగ్ సుంకాలూ ఉన్నాయి. మనతో పోటీ పడే ఈక్వెడార్‌కు 15 శాతం, వియత్నాంకు 20 శాతం. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, మనం ఉన్న క్వాడ్ కూటమిలో మన పక్కన కూర్చునే జపాన్‌కు 15 శాతం. అదే క్వాడ్‌లో మనకు 50. ఫొటోలో మాత్రం నలుగురూ ఒకే ఎత్తున నిలబడతారు.

2024-25లో దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో పెద్ద భాగం రొయ్య, కొన్నవాళ్లలో మొదటివాడు అమెరికా, పండించేవాళ్లలో మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దెబ్బ ఎక్కడ పడుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక చమురు లెక్క. 2022కు ముందు మనం కొనే ముడిచమురులో రష్యాది రెండు శాతం కూడా ఉండేది కాదు. యుద్ధం మొదలయ్యాక మూడో వంతు దాటింది. చవగ్గా వచ్చింది గనుకే కొన్నారు, బాగుంది. ఆ చవక మా ట్రాక్టరు దాకా మాత్రం రాలేదు. విజయవాడలో డీజిల్ లీటరు 97 రూపాయల చుట్టూ అలాగే ఉంది. చెరువు మీద కరెంటు పోయినప్పుడు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పే జనరేటర్‌కు పోసేది ఆ డీజిలే. చవక చమురు లాభం శుద్ధి కర్మాగారం దగ్గర, ఖజానా దగ్గర ఆగింది. ఆ చమురు కొన్నందుకు పడిన శిక్ష మాత్రం ఎక్కడా ఆగకుండా రేపల్లె చెరువు దాకా వచ్చింది.

సెప్టెంబరు మొదటి వారంలో మా బావమరిది చెరువులో సరుకు పట్టుబడికి వచ్చింది. అంతకు ముందు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసే కొనుగోలుదారులు ఫోన్ ఎత్తడం మానేశారు. ఆగుదామంటే రోజూ మేత పడాలి, తెల్లమచ్చ రోగం వస్తుందేమోనని రాత్రిళ్లు నిద్ర లేదు. చివరికి వాళ్లు చెప్పిన రేటుకే తోలేశాడు. అదే ఊరి ఆడవాళ్లు ప్రాసెసింగ్ ప్లాంటులో తలలు తీసే పనికి వ్యానులో వెళ్తారు. వారానికి ఆరు రోజులు వచ్చే వ్యాను మూడు రోజులే వచ్చింది. వాళ్లెవరికీ క్వాడ్ అంటే ఏమిటో తెలియదు. వ్యాను రాకపోవడం తెలుసు.

మీరు చేసింది లేదనను. నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం ఎగుమతుల ప్రోత్సాహానికి 25,060 కోట్ల మిషన్, ఎగుమతిదారుల అప్పులకు 20,000 కోట్ల వరకు హామీ పథకం ఆమోదించింది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కట్టాల్సిన వాయిదాలకు రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. ఇవన్నీ ఎగుమతిదారుకు. చెరువు రైతు ఎగుమతిదారు కాదు. అతని అప్పు బ్యాంకులో ఉండదు, మేత డీలరు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకానికి వెసులుబాటు ఎవరిస్తారు?

3. యూరియా

దీని గురించి ఎక్కువ రాయను, పేపర్లలో ఫొటోలు మీరూ చూసే ఉంటారు. బస్తా 266 రూపాయల 50 పైసలు. ఖరీఫ్‌లో ఆ బస్తా కోసం తెల్లవారుజామునే చెప్పులు వరుసలో పెట్టి, వాటి మీద ఆధార్ కాగితాలు పెట్టి మనుషులు చెట్టు కింద కూర్చున్నారు. చైనా ఎగుమతులు బిగించడం అందులో ఒక కారణం. డీఏపీ ఎరువు విషయంలో జూలైలో సౌదీతో ఏడాదికి 31 లక్షల టన్నుల చొప్పున ఐదేళ్లకు మన కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. అది మంచి పని. రైతుకు అక్కరకొచ్చే విదేశాంగ విధానం అంటే నా దృష్టిలో అదే. అలాంటిది యూరియాకు ఎందుకు చేయలేరో తెలియదు.

4. మిర్చి

ఇక నా వ్యాపారం. పొద్దున్నే యార్డులో మచ్చు చూసేముందు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న, "చైనా ఆర్డర్లు ఎట్లా ఉన్నాయండీ?" తేజ రకం మిర్చికి పెద్ద గిరాకీ చైనాదే. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నెలాఖరుకు 59 చైనా యాప్‌లు నిషేధించారు. టిక్‌టాక్ పోయింది, తేజ పోతూనే ఉంది. సరిహద్దులో తుపాకులు, యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు). ఈ వ్యాపారానికి ఏ ఒప్పందమూ అండ లేదు, వాళ్లు కొన్నన్నాళ్లు కొంటారు. మిగతా పెద్ద కొనుగోలుదారుల్లో బంగ్లాదేశ్ ఒకటి. 2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం కూలాక లారీ బయల్దేరేముందు సరిహద్దు తెరిచి ఉందా అని ఫోన్ చేసి కనుక్కోవడం మాకు అలవాటైంది.

2023లో క్వింటాలు 20 వేలు దాటి అమ్మిన సరుకు ఈ ఏడాది ఫిబ్రవరిలో దాదాపు సగానికి పడింది. రైతులు రోడ్డెక్కాక కేంద్రం మార్కెట్ జోక్యం కింద 11,781 రూపాయల ధర ప్రకటించింది. మా రెండెకరాలకు ఎకరాకు రెండు లక్షల దగ్గర పెట్టుబడి అయింది. ఆ ధరకు అమ్మినా కాయ కోసిన కూలి వస్తుంది, కష్టం రాదు. ధర పడితే నాకూ కమీషన్ తగ్గుతుంది, నిజమే. కానీ నా సంగతి పక్కన పెట్టండి. టిక్కీలు మోసే ముఠావాళ్లు ఉన్నారు, కాటా దగ్గర మనుషులు ఉన్నారు, కిలోల లెక్కన కాయల ముచ్చికలు (తొడిమెలు) తీసే ఆడవాళ్లు ఉన్నారు. ఎగుమతి ఆర్డరు లేకపోతే ముచ్చిక తీసే పని ఉండదు. ఘాటుకు చేతులు మండే పనే అది. మండకపోతే ఆ పూట ఇంట్లో పొయ్యి మండదని మా కోల్డ్ స్టోరేజీ దగ్గర ఒకావిడ నవ్వుతూ అంది.

5. పిల్లలు

సెప్టెంబరు 21 నుంచి అమెరికా కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. మన డబ్బులో 88 లక్షల పైమాటే. మా అక్క కొడుకు చదువుకు ఇల్లు తాకట్టు పెట్టారు. ఆ ఇంటి విలువ అంత లేదు.

ఇది చదివి, గుంటూరువాడు ప్రతిదానికీ ఏడుస్తాడు అనుకోకండి. మాకు ఇది పాత అనుభవం. మా నాన్న పొగాకు పండించేవాడు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం మా ఊళ్లోనే ఉంది, 1976 నుంచి. ఆ రోజుల్లో పొగాకుకు సోవియట్ యూనియన్ పెద్ద బేరం. డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లోనే లెక్క. 1971లో చేసుకున్న స్నేహ ఒప్పందం గురించి మా ఊరి అరుగు మీద పెద్దవాళ్లు మాట్లాడుకునేవారు. ఇక్కడినుంచి పొగాకు పోయేది, అక్కడినుంచి నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలతో తెలుగు పుస్తకాలు విజయవాడ వచ్చేవి. రూపాయికో రెండు రూపాయలకో కొనుక్కుని చదివాను నేను కూడా. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. రూపాయల లెక్క తెగిపోయింది. ఇంట్లో అటక మీద బేళ్లు కట్టిన పొగాకు రెండేళ్లు అలాగే ఉంది. మా నాన్న ఒకటిన్నర ఎకరం అమ్మి అప్పు తీర్చాడు. అప్పుడూ ఎవరూ ముందుగా చెప్పలేదు, తర్వాత కూడా ఎవరూ అడగలేదు. ఇప్పుడున్న ఆరెకరాలు ఆ అమ్మకం పోగా మిగిలినవి.

కాబట్టి కోరేవి ఇవి.

1. పత్తి మీద సుంకం మినహాయింపును డిసెంబరు 31 తర్వాత ఒక్క రోజు కూడా పొడిగించకండి. తీత జనవరి దాకా సాగుతుంది. ఇకమీదట ఏ పంటకైనా విత్తు పడిన రోజు నుంచి అమ్మకం పూర్తయ్యే దాకా దిగుమతి సుంకం మార్చకూడదని ఒక నియమం పెట్టండి. దేశ అవసరం కొద్దీ మార్చక తప్పదంటే, మార్చిన రోజునే ఆ పంట రైతుకు తేడా ఎలా కట్టిస్తారో అదే ఉత్తర్వులో రాయండి. రెండు ఉత్తర్వులు వద్దు. రెండోది రాదు.

2. విదేశాంగ నిర్ణయం వల్ల మన సరుకు మీద శిక్షగా సుంకం పడితే, ఆ భారం దేశం మొత్తం మోయాలి. చవక చమురు వల్ల మిగిలిన డబ్బులోంచి కొంత పక్కన పెట్టి నిధి ఏర్పాటు చేయండి. అది ఎగుమతిదారు దగ్గర ఆగకుండా చెరువు రైతుకు, ప్లాంటులో పని పోయిన కూలికి చేరాలి. కౌలు రైతును లెక్కలోకి తీసుకోకపోతే మా జిల్లాల్లో ఏ పథకమైనా సగం దారిలోనే ఆగిపోతుంది.

3. జూలైలో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకమైంది. నార్వే, స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో చేసుకున్నది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. యూరప్‌తో, అమెరికాతో మాటలు నడుస్తున్నాయి. అమెరికా వాళ్లు మొక్కజొన్న, సోయా, పాల ఉత్పత్తులకు తలుపు తీయమంటున్నారని చదువుతున్నాం. సంతకానికి ముందు ఏ పంటకు ఏం ఇస్తున్నారో, ఏం తెస్తున్నారో తెలుగులో నాలుగు పేజీలు వేయండి. పొగాకు బోర్డు హాల్లోనో, యార్డు ఆవరణలోనో కూర్చుని వినండి. బేరంలో గుట్టు ఉండాలంటారు, తెలుసు, మేమూ బేరాలాడే వాళ్లమే. యార్డులో పాట గుట్టుగానే నడుస్తుంది, కానీ సరుకు ఎవరిదో అతన్ని అడగకుండా మాత్రం కాటా వేయం.

4. ఒప్పందాల్లో పరీక్షల సంగతి రాయించండి. మిర్చిలో మందుల అవశేషాలకు, బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్‌కు ఇక్కడ ఒకసారి పరీక్ష, అక్కడి రేవులో మళ్లీ పరీక్ష. అక్కడ తప్పితే కంటైనర్ తిరుగు టపా. గుంటూరులో సుగంధ ద్రవ్యాల బోర్డు ల్యాబ్ ఉంది. దాని సర్టిఫికెట్‌ను కొనే దేశం అంగీకరించేలా చేయండి. అందుకు తగ్గట్టు రైతు మందుల వాడకం మారాలి, అది మా తప్పు, ఒప్పుకుంటాను. సుంకం సున్నా చేయించడం కంటే ఇది చిన్న పని, మాకు మాత్రం దానికంటే పెద్ద మేలు. సెప్టెంబరులో యూరప్ మన సముద్ర ఉత్పత్తుల యూనిట్లు 102 కొత్తగా తన జాబితాలో చేర్చుకుంది కదా, అడిగి తెచ్చుకోవచ్చని దానితోనే తేలింది.

5. యూరియాకు సౌదీ డీఏపీ లాంటి దీర్ఘకాల ఒప్పందం, జూన్ కల్లా గోదాముల్లో నిల్వ.

మా పార్లమెంటు సభ్యులకు విడిగా ఒకటి. శీతాకాల సమావేశాలు మొదలవుతున్నాయి. పత్తి సుంకం ఎత్తివేత వల్ల మన జిల్లాల రైతుకు క్వింటాలుకు ఎంత పోయిందో ఒక ప్రశ్న వేయండి. జవాబు ఏదైనా రికార్డులో ఉంటుంది.

కొత్త తేజ కాయ సంక్రాంతి తర్వాత యార్డుకు రావడం మొదలవుతుంది, ఫిబ్రవరికి పోటెత్తుతుంది. ఆలోపు జవాబు రాయండి. తెలుగులో అయితే షాపు గోడకు అంటిస్తాను, ఇంగ్లీషులో అయినా పర్వాలేదు, మా గుమస్తా చదువుతాడు. పరిష్కారమైందని మాత్రం రాయకండి.

ఇట్లు,
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ ఏజెంటు